ఏయూ పాత వార్తలు దొరకకపోతే

ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించి స్థానిక పత్రికల్లో వచ్చిన వార్తలు సేకరిస్తున్నానని, ‘ఆంధ్రా యూనివర్సిటీ’ అని వెతికితే పదేళ్ల నాటివి కూడా సరిగా రావడం లేదని రాశారు. చిక్కంతా పేరులోనే ఉందండీ. విలేకరులు శీర్షికలో చోటు కోసం ‘ఏయూ’ అని సరిపెడతారు. దాన్ని ‘ఎయు’ అని రాసినవాళ్లూ ఉన్నారు. పాత తరం పత్రికల్లో అయితే అది ‘ఆంధ్ర విశ్వకళాపరిషత్తు’. ఎంత అందమైన పేరో, వదిలేశాం!

ఊరి పేరుతోనూ జాగ్రత్త. 1926లో విశ్వవిద్యాలయం మొదలైంది బెజవాడలో; 1930లో వాల్తేరుకు (ఇప్పుడది విశాఖపట్నంలో భాగమే) తరలింది. కాబట్టి ఆ కాలానికి ‘విశాఖపట్నం’తో పాటు ‘వాల్తేరు’ అనీ చూడండి.

పాత సంచికలు చాలావరకు పేజీల బొమ్మలే, పదం కొడితే దొరకవు. అందుకని ముందు తేదీ పట్టుకోండి: స్నాతకోత్సవం, ఉపకులపతి నియామకం, ప్రవేశాల ప్రకటన. ఆ తేదీకి అటూ ఇటూ రెండు మూడు రోజుల సంచికలు తిరగేయండి. ఇటీవలి వార్తలకు ప్రధాన సంచిక చూసి ఆగిపోవద్దు. సెమినార్లు, విద్యార్థుల ధర్నాలు, వసతిగృహాల భోజనం గొడవలు ఎక్కువగా విశాఖ జిల్లా పేజీల్లోనే ఉంటాయి.