జవాబు రాని ప్రార్థన, కనబడని కలివికోడి

ఏళ్ల తరబడి ప్రార్థించినా జవాబు రాకపోతే, ఇక నిరీక్షణ (దేవుని మీద ఆశ పెట్టుకుని ఎదురుచూడడం) అంటే మనసుకు సర్దిచెప్పుకోవడమే కదా అని మీరు అడిగారు. కాదనే నా జవాబు. అయితే ఆ జవాబు నాకు ప్రసంగాల్లో దొరకలేదు, పక్షుల కోసం తిరుగుతూ తిరుగుతూ తెలిసింది.

మాది కడప వైపు. మా లంకమల చిట్టడవిలో కలివికోడి అనే పిట్ట ఉంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లిష్ డాక్టర్ వల్ల శాస్త్రవేత్తలకు తెలిసింది. 1900 తర్వాత వాళ్లెవరికీ కనబడకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో, స్థానిక వేటగాళ్ల సాయంతో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ కనుక్కున్నారు. పగలంతా ముళ్లపొదల్లో దాక్కుంటుంది. చీకటి పడ్డాక కాసేపు కూస్తుంది, అంతే. ఆ కాసేపు కోసం పొదల అంచున కదలకుండా కూర్చోవాలి. దోమలు కుడతాయి, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చివరికి తీతువు పిట్ట అరుస్తుంది. (తీతువు కూస్తే చావు కబురని మా అమ్మకు ఇప్పటికీ భయమే, ఆదివారం చర్చి మానకపోయినా సరే.) కలివికోడిని నేను ఇంతవరకూ చూడలేదు.

నాన్న కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్న రోజుల్లో ఈ పిట్ట కథ నాకు పెద్ద ధైర్యం. పోయిందనుకున్నది ఎనభై ఏళ్లు దాటాక దొరికింది కదా, దేవుడు మా ఇంట్లో మాత్రం చేయడా అనుకుంటూ ప్రార్థించాను. నాన్న పోయారు. భూస్థాపన రోజే ఒకాయన నా భుజం మీద చెయ్యేసి, "విశ్వాసం ఇంకాస్త ఉండాల్సింది బ్రదర్" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాతే కర్నూలు వైపు ఉన్న రోళ్లపాడు వెళ్లాను. గడ్డి మైదానాల్లో తిరిగే బట్టమేక పిట్ట అనే పెద్ద పక్షి కోసం 1988లో ఏర్పాటు చేసిన అభయారణ్యం అది. గడ్డి మైదానంలో కృష్ణజింకలు కనిపించాయి, నేల మీద పరుగెత్తే చిన్నచిన్న పిట్టలూ కనిపించాయి. ఏ పిట్ట పేరు చెప్పుకుని ఆ చోటుని కాపాడారో అది మాత్రం లేదు. పొలాలు పెరిగి, గడ్డి తగ్గి, అది దేశం మొత్తం మీదే కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. ఓపిక పడితే పోయినవన్నీ తిరిగొస్తాయి అనే మాట అక్కడ నిలబడదు. ఒక పిట్ట దొరికింది, ఇంకోటి పోతోంది. నా నిరీక్షణకు కలివికోడి ఆధారమైతే, బట్టమేక పిట్ట దాన్ని కూల్చేస్తుంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. కలివికోడి అసలు పోనే లేదు. అది అక్కడే ఉంది, మనవాళ్లకు కనబడలేదంతే. యేసు సంగతి అలా కాదు. ఆయన నిజంగా చనిపోయాడు, సమాధిలో పెట్టారు, మూడో రోజు లేచాడు. మన నిరీక్షణ నిలబడేది దాని మీద. నాన్న విషయంలో నేను పట్టుకున్నదీ అదే, వైద్యం ఫలించడం కాదు. పిచ్చుకల గురించి ప్రభువు అన్నది చూడండి (మత్తయి 10:29). తండ్రి సెలవు లేకుండా ఒక్కటైనా నేల మీద పడదన్నాడు. ఒక్కటీ పడదని మాత్రం అనలేదు.

బైబిల్లో రోమా పత్రిక 8వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు సృష్టి అంతా మూలుగుతోందని చెప్పి, వెంటనే నిరీక్షణ గురించి మాట్లాడతాడు. కనబడేదాని కోసం ఎవరు నిరీక్షిస్తారని అడుగుతాడు. మూలుగు ఆగాకే నిరీక్షించమని అక్కడ లేదు, రెండూ కలిసే ఉన్నాయి. రోళ్లపాడు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను. పిట్ట కోసమో నాన్న కోసమో చెప్పలేను. అది అవిశ్వాసం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కాబట్టి మీ ప్రార్థన ఆపొద్దు, కానీ దానికి నవ్వుముఖం తగిలించక్కర్లేదు. 13వ కీర్తన "ఎన్నాళ్లు" అనే మొదలవుతుంది, దాన్ని అలాగే పైకి చదవండి. మీ విశ్వాసాన్ని కొలిచేవాళ్లకు కొంచెం దూరంగా ఉండండి. పిట్టలు చూడాలనిపిస్తే మాత్రం లంకమలతో మొదలుపెట్టకండి, అడవిలోకి వెళ్లడానికి ఫారెస్టు వాళ్ల పర్మిషన్ కావాలి, పైగా నిరాశ ఎక్కువ. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి చలికాలంలో వెళ్లండి. గూడబాతులు చెట్ల నిండా ఉంటాయి, బైనాక్యులర్ లేకపోయినా కనిపిస్తాయి.