మరమ్మతు తప్పితే క్యాన్సరా, వృద్ధాప్యమా?

ప్రశ్న: క్యాన్సర్‌కూ ముసలితనానికీ మూలం డీఎన్ఏ దెబ్బతినడమేనని చదివాను. క్యాన్సర్ కణం ఆగకుండా విభజన చెందుతుంది. ముసలితనంలో కణాలు విభజన మానుకుంటాయి, లేదా చనిపోతాయి. ఒకే కారణం నుంచి ఇలాంటి ఎదురెదురు ఫలితాలు ఎలా వస్తాయి? తిండి తగ్గిస్తే ఈ నష్టాన్ని అరికట్టవచ్చంటున్నారు, అందులో నిజమెంత? మా అమ్మగారు క్యాన్సర్ చికిత్సలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఈ చిక్కుముడిని దశాబ్దాలుగా పరిశోధిస్తున్నవారిలో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కు చెందిన జన్యుశాస్త్రవేత్త యాన్ హూయ్‌మాకర్స్ ముఖ్యులు. మనిషి డీఎన్ఏ మరమ్మతు జన్యువుల్లో మొదటగా వేరుచేయగలిగిన ఈఆర్‌సీసీ1ను 1984లో వెలికితీసిన బృందంలో ఆయన ఒకరు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ మాత్రమే కాదు, శరీరంలో సహజంగా జరిగే రసాయన చర్యలు కూడా ప్రతి కణంలోని డీఎన్ఏను రోజూ వేల చోట్ల దెబ్బతీస్తాయి. డీఎన్ఏలోని రెండు పోగుల్లో దెబ్బతిన్న పోగు నుంచి సుమారు 30 అక్షరాల (రసాయన గుర్తుల) ముక్కను కత్తిరించి, ఎదురు పోగును చూసి ఖాళీని పూరించే మరమ్మతు ఒకటి ఉంది. ఈఆర్‌సీసీ1 అందులో కత్తెర పని చేస్తుంది. ఈ మరమ్మతుకు రెండు శాఖలున్నాయి. మొదటిది డీఎన్ఏ మొత్తాన్ని గాలిస్తుంది. రెండోది, జన్యువును చదువుతూ వెళ్లే ఎంజైము దెబ్బతిన్న చోట పట్టాల మీద రైలులా నిలిచిపోయినప్పుడు మాత్రమే రంగంలోకి దిగుతుంది.

మీ ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే అరుదైన వ్యాధిలోని సి రకంలో మొదటి శాఖ మాత్రమే చెడుతుంది. బాగుపడని దెబ్బలు కణం విభజన చెందేటప్పుడు అక్షరదోషాలుగా స్థిరపడిపోతాయి కాబట్టి ఈ వ్యాధి ఉన్నవారికి చర్మ క్యాన్సర్ ముప్పు వెయ్యి రెట్లకు మించి ఉంటుంది, చిన్నతనంలోనే మొదలవుతుంది. కాకేన్ సిండ్రోమ్ అనే మరో అరుదైన వ్యాధిలో రెండో శాఖ చెడుతుంది. అక్కడ జన్యువులను చదవడమే ఆగిపోయి కణాలు చనిపోతాయి. ఎదుగుదల కుంటుపడి, నాడీవ్యవస్థ క్షీణించి, పిల్లలు ముసలివారిలా మారతారు, అయినా వారిలో క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనిపించదు. చనిపోయిన కణం కణితిగా మారలేదు కదా. కణం బతికి తప్పును మోస్తే క్యాన్సర్, తప్పును మోయకుండా తప్పుకుంటే వృద్ధాప్యం: కాస్త సరళం చేసి చెబుతున్నాను గానీ, హూయ్‌మాకర్స్ వాదనలోని సారం ఇదే. ముసలితనానికి ఇదొక్కటే కారణమని మాత్రం నేను అనను.

ఇక తిండి సంగతి. ఈఆర్‌సీసీ1 లోపించిన ఎలుకలు కొద్ది నెలల్లోనే ముసలివైపోతాయి. 2006లో వాటిని పరిశీలించినప్పుడు ఒక విశేషం బయటపడింది: వాటి శరీరం పెరుగుదల హార్మోన్ల ప్రభావాన్ని తానే తగ్గించుకుని, ఉన్న శక్తిని రక్షణ వైపు మళ్లిస్తోంది. అర్ధాకలితో పెంచిన జంతువుల్లోనూ కనిపించేది సరిగ్గా ఈ మార్పే. అందువల్ల ఆ ఎలుకలకు మేతను 30 శాతం తగ్గించి చూశారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం వాటి మిగిలిన ఆయుష్షు దాదాపు మూడు రెట్లయింది. మెదడులో 50 శాతం ఎక్కువ నాడీకణాలు నిలిచాయి. జన్యువు ఎంత పొడవైతే దానిమీద దెబ్బ పడే అవకాశం అంత ఎక్కువ కాబట్టి పొడవైన జన్యువుల పనే ముందు మందగిస్తుంది; తక్కువ తిన్న ఎలుకల్లో ఆ మందగింపు చాలావరకు తగ్గింది.

ఇవి మరమ్మతు లోపంతో పుట్టిన ఎలుకలు. కొలిచి మేత వేసే బోనుల్లో పెరిగినవి. వీటిని చూసి పెద్దవయసు మనిషి తిండి మూడో వంతు మానేయడం నా దృష్టిలో తొందరపాటే. అమ్మగారి విషయంలో మరీ జాగ్రత్త అవసరం. సిస్‌ప్లాటిన్ వంటి క్యాన్సర్ మందులు డీఎన్ఏను దెబ్బతీయడం ద్వారానే క్యాన్సర్ కణాలను చంపుతాయి, ఆరోగ్యంగా ఉన్న కణాలూ ఆ దెబ్బలు తింటాయి. చికిత్సలో బరువూ కండా తగ్గితే తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. ఆహారంలో ఏ మార్పైనా ఆమెకు చికిత్స చేస్తున్న డాక్టరుగారిని అడిగాకే చేయండి.