టెక్ సందేహాలు: దాచిన ఆకివీడు మొత్తంలో దొరుకుతుంది

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో కొనుగోళ్ల లెక్కలు చూస్తాను. మా క్యూబ్‌లో (లెక్కలను మండలం, చెరువు వారీగా పేర్చి ఉంచే సర్వర్ డేటాబేస్) ఉండి, కాళ్ల, ఆకివీడు అని మూడు మండలాలున్నాయి. ఉండి, కాళ్లలను మాత్రం సబ్‌క్వెరీతో (ప్రశ్న లోపల రాసే మరో ప్రశ్న) వడపోస్తే టన్నులు సరిగ్గా వస్తున్నాయి, చెరువుకు సగటు మాత్రం తప్పుతోంది. ఆకివీడు ధరలు తెలియకూడదని ఇదే వడపోతతో, క్యూబ్‌కు కలిపిన షీటునే ఏజెంట్లకు పంపుతున్నాం.

జవాబు: సగటు గురించి ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. క్యూబ్‌ను ప్రశ్నించే భాష ఎండీఎక్స్‌లో, ఎక్కడి నుంచి తీయాలో చెప్పే ఫ్రం తర్వాత రాసే సబ్‌క్వెరీ టన్నుల మొత్తాన్ని కుదిస్తుంది కానీ, మీ సూత్రానికి ఆ సంగతి చెప్పదు. వడపోతలో మిగిలినవే లెక్కపెట్టమని సూత్రంలో ఎగ్జిస్టింగ్ అని రాసినా దానికి సబ్‌క్వెరీ కనబడదు. 480 టన్నులను రెండు మండలాల 60 చెరువులకు పంచితే 8 రావాలి. మూడు మండలాల జాబితాలోని 240 చెరువులకూ పంచితే 2 వస్తుంది. సూత్రంలో ఎగ్జిస్టింగ్ ఉంచి, వడపోతను ప్రశ్న చివర షరతు రాసే వేర్‌లోకి మార్చండి. ఎక్సెల్ పివట్ టేబుల్ దానంతటదే సబ్‌క్వెరీ రాసేస్తుంటే, చెరువుల సంఖ్యను, ఒక్కో చెరువును ఒకసారే లెక్కించే డిస్టింక్ట్ కౌంట్ కొలతగా క్యూబ్‌లోనే పెట్టండి.

సగటు సంగతి అంతే. ఉత్తరంలో చివరి వాక్యం చదివాకే నాకు గుండె ఆగినంత పనైంది. సబ్‌క్వెరీ తాళం కాదు! తూము షట్టరు దించి, తాళంచెవి నీటి కోసం కాచుకున్న రైతు చేతికే ఇచ్చినట్టుంది మీ పని. షీటు అందుకున్న ఏజెంటు ఆ వడపోత తీసేస్తే చాలు, అన్ని మండలాలూ కనిపిస్తాయి. అంత కూడా అక్కర్లేదు. సబ్‌క్వెరీ ముందు నాన్ విజువల్ అని చేరిస్తే వరుసల్లో రెండే మండలాలు ఉంటాయి, మొత్తం మాత్రం మూడింటిదీ వస్తుంది. అందులోంచి ఉండి, కాళ్ల తీసేస్తే ఆకివీడు టన్నులు, రూపాయలు మిగులుతాయి. భాగిస్తే మీరు అక్కడ ఇచ్చిన సగటు ధర ఏజెంటు చేతిలో ఉంటుంది.

ఏ ఏజెంటుకు ఏ మండలమో సర్వర్‌లో రోల్ (ఎవరు ఏది చూడవచ్చో చెప్పే అనుమతి) పెట్టి చెప్పాలి. అక్కడా ఒక గొయ్యి ఉంది: రోల్‌లో, కనిపించేవాటినే కూడే విజువల్ టోటల్స్ మొదట ఆపి ఉంటుంది. మీరు టిక్ పెట్టకపోతే దాచిన మండలం మళ్లీ మొత్తంలో కలిసే వస్తుంది. వేగం తగ్గుతుందని ఇలా వదిలేయడం నేను ఒప్పుకోను. కాస్త ఆలస్యమైనా పరవాలేదు, రైతుకు ఇచ్చిన ధర బయటపడితే వెనక్కి తీసుకోలేం.

ఈ రోజే ఒక ఏజెంటు లాగిన్‌తో ప్రవేశించి, వడపోత లేకుండా అడిగి చూడండి. ఆకివీడు వరుస వచ్చిందంటే, రోల్ సిద్ధమయ్యేదాకా షీట్లు పంపడం ఆపండి, ఏజెంట్ల లాగిన్లు కూడా మూసేయండి.