పోటీ లేని రోజుల్లోనే జాగ్రత్త పడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు తయారుచేసే పురుగుమందు స్ప్రేయర్లకు చుట్టుపక్కల పోటీ లేదని, ప్రభుత్వ సబ్సిడీ ఆర్డర్లు ఈ ఏడాది కూడా నీకే వచ్చాయని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషమే, కానీ నాకు టెన్షన్ కూడా పట్టుకుంది. బెజవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు నడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన కంపెనీ కథే చెప్తాను.

హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల అంబాసిడర్ 1957లో, ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మొదలైంది. ఎవరు ఎన్ని కార్లు చేయాలో ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చే కాలం అది. కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఆగాలి. మంత్రిగారికీ అదే బండి, ట్యాక్సీకీ అదే బండి. వేరే దారి లేక ఆగినవాళ్లను చూసి, మన బండంటే జనానికి ఎంత మోజో అనుకోవడం దగ్గరే పతనం మొదలైందని నా నమ్మకం.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. సొంతంగా నడుపుకునేవాళ్లు ముందు అటు వెళ్లిపోయారు. అంబాసిడర్ వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదులే. 1992లో ఇసుజు ఇంజను పెట్టారు, మంచి ఇంజను. గ్రిల్లు మార్చారు, లైట్లు మార్చారు. పైకప్పు వంపు, తలుపుల ఆకారం మాత్రం చివరిదాకా అవే. ఎందుకంటావు? బాడీ మార్చాలంటే రేకు నొక్కే డైలన్నీ కొత్తవి చేయించాలి, దానికి కోట్లు కావాలి. పాత డైల ఖర్చు ఎప్పుడో తీరిపోయింది. ప్రభుత్వ ఆఫీసులు, ట్యాక్సీలు ఎలాగూ కొంటున్నాయి. ఆ ఏడాది వరకు చూస్తే అది తెలివైన లెక్కే. ఏటా ఆ లెక్కే వేసుకుంటూ పోయారు. 1980ల మధ్యలో ఏడాదికి 24,000 దాకా అమ్ముడైన బండి చివరికి 2,500 లోపుకి పడిపోయింది. 2014 మేలో ఫ్యాక్టరీ పని ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ పేరును 80 కోట్లకు ఫ్రాన్స్ కార్ల కంపెనీ ప్యూజో వాళ్లకు అమ్మేశారు. అన్నేళ్లు అక్కడ చెమటోడ్చిన కార్మికులను తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి సబ్సిడీ ఆర్డర్లను వేరే పుస్తకంలో రాయి. అవి తీసేసి, రైతు తన జేబులోంచి డబ్బు తీసి ఎన్ని కొన్నాడో చూడు. నీ అసలు వ్యాపారం అంతే. రెండేళ్లుగా నీ దగ్గరకి రాని డీలరును వెతుక్కుంటూ వెళ్లు. ఇప్పుడు కొంటున్నవాడు మొహమాటానికి బాగుందంటాడు, మానేసినవాడైతే ఉన్నదున్నట్టు చెప్తాడు.

ఇంకోటి, ఇది షాపువాడిగా చెప్తున్నాను. వాషర్లు, నాజిళ్లు తెగ పోతున్నాయని మురిసిపోకు. అవి నీ చెవిదాకా రాని ఫిర్యాదులు. రిపేరు చేసే కుర్రాడి పక్కన ఒక పూట కూర్చుని, ఏ వాషరు ఎక్కడ అరుగుతోందో నీ కళ్లతో చూడు.

లాభంలోంచి కొత్త అచ్చులకు ప్రతినెలా కొంత పక్కన పెట్టు. ఈసారి ఊరొచ్చేటప్పుడు ఆ అచ్చుల కొటేషను, సబ్సిడీ లేని అమ్మకాల లెక్క పట్టుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య