భీమిలిని నది వైపు నుంచి చూడండి

ప్రశ్న: భీమిలికి ఎన్నిసార్లు వెళ్లినా సముద్రపు ఒడ్డున కాసేపు కూర్చుని రావడమే తప్ప ఊరు చూసింది లేదు. బడిలో డచ్చివారి గురించి చదువుకుంటున్న మా అబ్బాయికి ఆ పాత రేవుపట్నాన్ని చూపించాలని ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్క పూట సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: ఊరి వరకైతే ఒక్క పూట సరిపోతుంది. అయితే వెళ్లేటప్పుడు బీచ్ రోడ్డు పట్టకండి. జాతీయ రహదారి మీద ఆనందపురం దాటి తగరపువలస చేరి, అక్కడి నుంచి భీమిలికి రండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను, తాటిపూడి జలాశయాన్ని దాటి వచ్చే గోస్తనీ నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఆ నదినీ, దాని వెనకనున్న పల్లెల పంటనూ తలచుకోకుండా ఈ రేవు ఎందుకు వెలిగిందో పిల్లవాడికి అర్థం కాదు.

తగరపువలస పక్కనే చిట్టివలసలో, మూతపడిన జూట్ మిల్లు దగ్గర కాసేపు ఆగి గోగునార సంగతి చెప్పండి. ఉత్తరాంధ్ర మెట్ట పొలాల్లో పండిన గోగును కోసి, కట్టలు కట్టి నీళ్లలో నానవేసి, బెరడు మెత్తబడ్డాక ఒలిచి, ఉతికి ఆరబెట్టిన నార భీమిలి రేవులో ఓడలెక్కేది. విదేశీ వర్తకులు దాన్ని బిమ్లి జూట్ అనే పేరుతోనే కొనేవారు.

భీమిలిలో ముందుగా నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లి, కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో అబ్బాయిని గమనించమనండి. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక లోతు నీళ్లలో లంగరు వేసేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య సరుకు మోసినవి మసూలా పడవలు. వాటి పలకలను మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. కెరటం దెబ్బకు మేకుల పడవ పగిలే చోట ఈ కుట్టు పడవ కాస్త వంగి తట్టుకునేది.

తరువాత డచ్చివారి శ్మశానవాటికకు తీరికగా సమయమివ్వండి. నా దృష్టిలో భీమిలిలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. 17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్న డచ్చివారు, 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించారు. పైకి పోనుపోను సన్నబడే సమాధులనూ, వారి భాషలో చెక్కిన పలకలనూ అబ్బాయి దగ్గరగా చూడాలి. భాష తెలియకపోయినా సంవత్సరాలు చదవగలడు. అక్షరాలు కనబడడం లేదని సుద్దముక్కతో రుద్దడం మాత్రం దయచేసి చేయనివ్వకండి; ఉప్పుగాలికి అరిగిన రాయి అంతకన్నా ఓర్చుకోలేదు.

1861లోనే మునిసిపాలిటీ అయిన ఇంత ఊరు ఎందుకు తగ్గిపోయిందని అబ్బాయి తప్పక అడుగుతాడు. రైలుమార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకున్నాక, ఓడలు నేరుగా ఒడ్డుకే ఆనుకోగలిగే చోటును వదులుకుని వర్తకులు ఇక్కడికి రావలసిన అవసరం లేకపోయింది.

పావురాళ్లకొండను ఆ రోజుకు పెట్టుకోకండి, ఆ ఎక్కుడు మీ అత్తగారి మోకాళ్లకు తగదు. మీరూ అబ్బాయీ మరో రోజు ఎండ ముదరక ముందే ఎక్కితే, బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు చూడవచ్చు; నదీ, సముద్రమూ, ఊరూ కలిసి కనబడేది కూడా అక్కడి నుంచే.

తిరుగు ప్రయాణానికి బీచ్ రోడ్డు హాయిగా ఉంటుంది. నది కలిసే చోట నీరు పైకి ప్రశాంతంగా కనిపించినా అడుగున లాగుడు ఉంటుంది కాబట్టి, అబ్బాయిని అక్కడ మోకాలి లోతుకు కూడా దిగనివ్వకండి.