డికాషన్ గురించి మా అబ్బోడికి

నాయనా, ఒక రోజు కాఫీ నీళ్ళ మాదిరి ఉంటా ఉంది, ఇంకో రోజు ఒకటే చేదు, పొడి ఎంత జాస్తి వేసినా అంతే అన్నావు కదా, ఫోన్లో ఇవన్నీ చెప్పేదానికి కుదరదు కాబట్టి రాస్తా ఉండాను, ఓపిగ్గా చదువు. పాలు మార్చి, చక్కెర ఎక్కువేసి కాఫీని బాగు చెయ్యలేవు. డికాషన్ కుదరాల. అది కుదిరిందంటే తక్కిందంతా ఐదు నిమిషాల పని.

ఫస్టు ఆ అరకేజీ కవరు కొని నెలల తరబడి వాడేది మానెయ్. తిరుపతిలో గింజలు మన ఎదురుగానే మిషన్లో పట్టిచ్చే అంగళ్ళు ఉండాయి, పోయి పది పదిహేను రోజులకి సరిపోయేంత మాత్రం తెచ్చుకో. ఫిల్టర్‌కి అని చెప్పి పట్టించు, వేళ్ళ మధ్య రుద్దితే రవ్వంత గరుకు తగలాల. మరీ మెత్తగా ఉంటే ఫిల్టర్ చిల్లులు పూడిపోతాయి. పీబెర్రీ అంటే పండులో ఒకటే గుండ్రంగా వచ్చే గింజ, ‘ప్లాంటేషన్ ఏ’ అంటే పెద్ద గింజల రకం, రెండూ సగం సగం వేయమను, నాకైతే అదే ఇష్టం. అరకు గింజలు దొరికితే అవి కూడా ట్రై చెయ్, మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన పండే అరబికా రకం కాఫీ అది, ఘాటు తక్కువ, వాసన బాగుంటాది. చికోరీ మాత్రం 100కి 20 చాలు. అది కాఫీ కాదు నాయనా, ఒక మొక్క వేరు, దాన్ని వేయించి పొడి చేసి కలపతారు, రంగూ చిక్కదనమూ వస్తాయి గానీ అందులో కెఫీన్ ఉండదు. రూల్ ప్రకారం కాఫీ 51 శాతం ఉంటే చాలు కాబట్టి చవక కవర్లలో దాదాపు సగం చికోరీనే ఉంటాది, నీ కవరు వెనక తిప్పి చూడు, రాసే ఉంటారు.

బోరు నీళ్ళు పొయ్యొద్దు. ఆ నీళ్ళు కాచిన గిన్నెకి తెల్లగా పొర కడతాది చూడు, ఆ నీళ్ళతో కాఫీ రుచి చప్పబడిపోతాది. తాగే నీళ్ళే వాడు.

ఇప్పుడు ఫిల్టర్ సంగతి, అసలు పనంతా ఈడే ఉండాది. అడుగున చిల్లులుండే పై గిన్నె బాగా ఆరుండాల, తడిగా ఉంటే పొడి అడుక్కి అంటుకుని చిల్లులు మూసేస్తాది. 40 గ్రాముల పొడి వెయ్, అంటే పెద్ద స్పూన్‌తో నిండుగా నాలుగైదు. గిన్నెని పక్కల నుంచి చేత్తో తట్టు, పొడి సమంగా పరుచుకుంటాది. ఆ పైన గొడుగు బిళ్ళ, అదే ఫిల్టర్‌తో వచ్చే కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, పెట్టి మెల్లిగా అదిమి వదిలెయ్, అంతే, బలం పెట్టొద్దు. నువ్వేం చేసుంటావంటే పొడి జాస్తి వేసి గట్టిగా నొక్కేసుంటావు, నీళ్ళు దిగక గంటల కొద్దీ పొడిలోనే ఊరి చేదెక్కుంటాది. నీళ్ళ మాదిరి వచ్చిన రోజు బిళ్ళ పెట్టకుండానే పోసుంటావు, పొడి తేలిపోయి నీళ్ళు పక్కల నుంచి జారిపోయుంటాయి. రెండిటికీ పొడి పెంచేది మందు కాదు.

నీళ్ళు తెర్లినాక స్టవ్ ఆపి అర నిమిషం ఆగు. 200 మిల్లీలీటర్లు కావాల, కానీ ఒక్కసారిగా కుమ్మరించొద్దు. ముందు పొడి తడిసేంత మాత్రం బిళ్ళ మీద చుట్టూ పోసి మళ్ళీ అర నిమిషం ఆగి చూడు, పొడి తాజాదైతే పక్కల్లో బుడగలొచ్చి పైకి ఉబ్బుతాది, వేయించినప్పుడు గింజలో పట్టుకున్న గ్యాస్ అప్పుడు బయటికొస్తా ఉంటాది. ఏమీ కదలకుండా బురదగా కూర్చుందంటే ఆ పొడి పాతబడిపోయినట్టే, ఇంక దాన్నుంచి వాసన ఆశించొద్దు. తర్వాత మిగతా నీళ్ళు మెల్లిగా పోసి మూత పెట్టెయ్. కాసేపాగి పై గిన్నె రవ్వంత ఎత్తి చూస్తే చుక్క చుక్కగా పడతా ఉండాల. ధార కట్టిందంటే పొడి గరుకెక్కువ, అసలు పడలేదంటే పూడిపోయినట్టు. అరగంటలో దిగిపోతాది. పోసిన 200 మొత్తం రాదు, పొడి తన బరువుకి రెట్టింపు నీళ్ళు తాగేస్తాది, 120 వచ్చిందంటే లెక్క సరిపోయినట్టే. ఆఫీసు హడావిడి కాబట్టి రాత్రి పడుకునే ముందు వేసిపెట్టుకున్నా పర్లేదు. అదే పొడి మీద రెండోసారి నీళ్ళు పోస్తే వచ్చేది సాయంత్రానికి పనికొస్తాది, దాన్ని మొదటి డికాషన్‌లో మాత్రం కలపొద్దు.

డికాషన్‌ని స్టవ్ మీద పెట్టి కాచొద్దమ్మా, వాసనంతా పోయి చేదు మిగులుతాది. చల్లారిపోయుంటే వేడి నీళ్ళ గిన్నెలో పెట్టు.

పాలకేముంది, మన పక్క ఆవు పాలకి కరువా, ఇంటికి పోసేవాళ్ళు దొరికితే మేలు. ప్యాకెట్ అయితే ఫుల్ క్రీమ్ తీసుకో, అందులో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతమే. నీళ్ళు కలపకుండా కాచి, పొంగిన వెంటనే వాడు, పొద్దన్నుంచి కాచి కాచి ఉంచిన పాలతో కాఫీ రుచే ఉండదు. గ్లాసులో చక్కెర, దాని మీద డికాషన్, ఆ మీద మూడింతలు పాలు, డవరాలోకి నాలుగైదు సార్లు ఎత్తి పొయ్యి. నీ నోటికి తగినట్టు తర్వాత మార్చుకో.

ఫిల్టర్ పూడిపోతే సూదితో పొడిచేవు, చిల్లులు పెద్దవైపోతాయి. మొత్తం స్టీలుదైతే పై గిన్నెని పట్టకారతో పట్టుకుని అడుగు భాగం మంట మీద పెట్టు, ఇరుక్కున్న పొడి కాలి రాలిపోతాది, చల్లారినాక కడిగి లైటుకి ఎత్తి చూడు, చిల్లులన్నీ కనపడాల.

ఈ వారం పొడి మార్చు, నొక్కేది మానెయ్, ఈ రెండే చేసి చూసి నాకు ఫోన్ చెయ్. అప్పటికీ చేదుగానే ఉందంటే చికోరీ ఎంత కలిపినారో అంగట్లో అడిగి చెప్పు.

మీ అత్త, చిత్తూరు