బడి సందేహాలు: ఎక్కాలు వచ్చాయి, చిల్లర లెక్క రాలేదు

విశాఖ నగరంలోని ప్రైవేటు ప్రాథమిక పాఠశాలల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. స్కూల్లో 'ఫౌండేషన్' అని వేరే పుస్తకం ఇచ్చారు. అందులో మూడు, నాలుగు తరగతుల లెక్కలున్నాయి. పదమూడో ఎక్కం దాకా గడగడా ఒప్పజెబుతాడు. యూనిట్ టెస్టులో 25కి 24 వచ్చాయి. కానీ కిరాణా కొట్టులో 50 రూపాయలిచ్చి 32 రూపాయల సరుకు కొంటే ఎంత వెనక్కి రావాలో చెప్పలేకపోయాడు. స్కూలు మార్చెయ్యమంటారా? – ఒక తల్లి, గాజువాక

జవాబు: స్కూలు మార్చే సంగతి తర్వాత చూద్దామండి. బాబుకి నిజంగా ఏది వచ్చు, ఏది వచ్చినట్టు కనిపిస్తోంది అన్నది ముందు తేల్చుకోండి. ఒక ఆదివారం ఉదయం ఇరవై నిమిషాలు చాలు. పరీక్ష అని మాత్రం చెప్పొద్దు.

మొదట 'నూట నాలుగు' అంకెల్లో రాయమనండి. 1004 అని రాస్తే, చెవికి విన్నది విన్నట్టు వంద పక్కన నాలుగు పెట్టాడన్నమాట. స్థాన విలువ ఇంకా అందలేదు. తర్వాత 52లోంచి 27 తీసెయ్యమనండి. 35 అన్నాడా? 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీశాడు. 'పక్కనుంచి ఒకటి తెచ్చుకో' అన్న మాట విన్నాడు గానీ, ఆ తెచ్చుకునేది ఒకటి కాదనీ, విప్పిన పది అనీ ఎవరూ చూపించలేదు. మూడోది: 25కి ఎంత కలిపితే 42? దీన్ని ఖాళీ గడితో రాసి ఇవ్వండి. 67 అని వేస్తే, కనిపించిన రెండు అంకెల్నీ కూడెయ్యడం అలవాటైపోయింది. చివరగా ఆరు నాలుగులు ఎంతో అడగొద్దు, బొమ్మ గీసి చూపమనండి. ఆరు పళ్లాలు, పళ్లానికి నాలుగేసి ఇడ్లీలు గీస్తే ఎక్కం అర్థమైనట్టు. పెన్సిల్ పట్టుకుని మీ మొహం చూస్తే అది పద్యంలా నోటికొచ్చిందంతే.

సరిచెయ్యడానికి ఖరీదైన కిట్లేమీ అక్కర్లేదు. వంద చీపురు పుల్లలు సమానంగా విరవండి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వెయ్యండి. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. 'నాకు 27 ఇవ్వు' అనండి. ఏడు విడి పుల్లలు లేవు కాబట్టి వాడే ఒక కట్ట విప్పుతాడు. పాఠం అక్కడే ఉంది. రోజుకు ఐదు లెక్కలు, పదిహేను నిమిషాలు, పది రోజులు. మొదటి నాలుగు రోజులు కాగితం వద్దు. తర్వాత పుల్లలతో చేస్తూ పక్కనే కాగితం మీద రాయించండి. ఇంట్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: రెండు రోజులు సరిగ్గా చెయ్యగానే పుల్లలు లాగేసుకుంటారు, మూడో రోజుకి మళ్లీ 35 వస్తుంది. వాడంతట వాడే 'ఇవి వద్దమ్మా' అనేదాకా ఉంచండి. ఆ తర్వాత పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలతో అదే ఆట.

ఇక ఫౌండేషన్ పుస్తకం. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపడాలని కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం రెండో తరగతి అయ్యేసరికి పిల్లలు 999 వరకు అంకెలు చదివి రాయాలి, 99 లోపు తీసివేతలు చెయ్యాలి. 9999 దాకా వెళ్లేది మూడో తరగతి చివరికి. మీ స్కూలు ఏడాది, రెండేళ్లు ముందుకు ఉరికింది తప్ప లోతుకి పోలేదు. యూనిట్ టెస్టు పేపరునీ వర్క్‌బుక్‌నీ పక్కపక్కన పెట్టండి. అవే లెక్కలు, అవే అంకెలతో వచ్చి ఉంటే ఆ 24 మార్కులు జ్ఞాపకశక్తికి వేసినవే. అలాగే ఫౌండేషన్‌కి వారానికి ఎన్ని పీరియడ్లు ఇస్తున్నారో, ఏ పీరియడ్ తీసి దానికిచ్చారో అడగండి. సాధారణంగా కోత పడేది ఆటలకీ, బొమ్మలకీ, తెలుగుకీ.

బాబు చేసిన ఆ నాలుగు లెక్కల కాగితం క్లాస్ టీచర్‌కి చూపించండి. తప్పు పట్టే ధోరణి వద్దు, 'వీడికి ఇక్కడ ఆగిపోతోందండి' అనండి చాలు. ఆవిడ ఆ కాగితం కాసేపు చూసి ఏదైనా అడిగితే ఆ బడిలోనే ఉంచవచ్చు. 'ట్యూషన్ పెట్టించండి' అన్నదే జవాబైతే వేరే బడి వెతుక్కోండి. ఆ ట్యూషన్ చెప్పేది కూడా ఆవిడే అంటే అది విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌కి విరుద్ధం.

ప్రశ్న: మూడో తరగతి చదివే మా పాప బరువు 22 కిలోలు, బ్యాగు నాలుగున్నర. ట్రాలీ బ్యాగు కొంటే సరిపోతుందా? – ఒక తండ్రి, కంచరపాలెం

జవాబు: సరిపోదండి. ట్రాలీ బ్యాగు ఖాళీదే బరువు. మూడో అంతస్తులో క్లాసుంటే మెట్ల మీద పాపే దాన్ని మొయ్యాలి. 2020 స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు, 3 నుంచి 5 తరగతులకు 1.7 నుంచి 2.5 కిలోలు. మీ పాపకి 2.2 కిలోలు హద్దు. ఒక రోజు బ్యాగులోవన్నీ తీసి వంటింటి కాటా మీద విడివిడిగా తూయండి. లీటరు స్టీలు సీసా నిండితే అదొక్కటే కిలోంబావు దాకా తూగుతుంది. స్కూల్లో మంచినీళ్ల కుళాయి ఉంటే అర లీటరు సీసా పంపి, మధ్యలో నింపుకోమనండి. 200 పేజీల నోట్సులకు బదులు వంద పేజీలవి రెండు విడతలుగా వాడనివ్వమని అడగండి. ఏ స్కూలైనా దీనికి కాదనకూడదు. అదే విధానంలో హోంవర్కు సంగతీ ఉంది: రెండో తరగతి వరకు అసలు లేదు, 3 నుంచి 5 వరకు వారం మొత్తానికి రెండు గంటలు. రోజుకి కాదు.

ప్రశ్న: ఒకటో తరగతి పాప నీళ్ల సీసా పట్టికెళ్లింది పట్టికెళ్లినట్టే నిండుగా తెస్తోంది. సోమవారం వస్తే కడుపునొప్పి అంటోంది. నాటకాలాడుతోందని మా అత్తగారు. ఏం చెయ్యాలి? – ఎం.వి.పి. కాలనీ

జవాబు: నాటకమని కొట్టిపారెయ్యకండి. ఈ రెండూ ఒకే కారణం వల్ల కావచ్చు. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో చెప్పే మోటు లెక్క ఒకటుంది: వయసుకి రెండు కలిపి 30తో గుణిస్తే మిల్లీలీటర్లు. ఆరేళ్ల పిల్లకి 240, అంటే ఒక పెద్ద గ్లాసు. మన ఊరి ఉక్కకి, చెమటకి పగలంతా కలిపి లీటరు పైనే తాగాలి, రెండు మూడు గంటలకోసారి వెళ్లాలి. స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్లడం ఇష్టం లేని పిల్ల తెలివిగా నీళ్లు మానేస్తుంది. నీళ్లు తగ్గితే మలం గట్టిపడుతుంది, కడుపునొప్పి వస్తుంది. కొందరికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా.

కాబట్టి ముందు ఆ బాత్రూమ్ మీరు చూడాలి. బడి జరుగుతున్నప్పుడు, ఇంటర్వెల్ అయిన వెంటనే వెళ్లండి. అప్పుడే అసలు రూపు కనిపిస్తుంది. గడియ పాప చేతికి అందుతోందా, గదిలో వెలుతురుందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, తలుపు బయట ఆయా ఉందా, పెద్ద తరగతుల పిల్లలు కూడా అదే వాడుతున్నారా? తర్వాత టీచర్ని 'పీరియడ్ మధ్యలో అడిగితే పంపుతారా' అని అడగండి. 'ఇంటర్వెల్‌లోనే' అనే నియమం ఒకటో తరగతికి పనికిరాదు. ఇంట్లో రోజూ టిఫిన్ తిన్నాక పది నిమిషాలు పాపని మరుగుదొడ్డిలో తీరిగ్గా కూర్చోబెట్టండి, వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద పీట వెయ్యండి. స్కూలు బస్సు హారన్ కొడుతున్నప్పుడు ఈ పని అవదు, అరగంట ముందు లేపాలి. మూత్రం మంట, జ్వరం, లేక మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే ఆగకుండా డాక్టర్ దగ్గర మూత్ర పరీక్ష చేయించండి. సెలవు రోజుల్లోనూ నొప్పి వస్తున్నా డాక్టరే.

నొప్పి బడి ఉన్న పొద్దుటే వచ్చి, పదింటికల్లా పోతోందా? అయితే టైమ్‌టేబుల్ తీయండి. సోమవారం డిక్టేషన్ ఉందా, ఫలానా మేడమ్ మొదటి పీరియడా? పాపని 'స్కూల్ ఎలా ఉంది' అని అడిగితే 'బాగుంది' అంటుంది. 'అన్నం డబ్బా ఎవరి పక్కన కూర్చుని తిన్నావు? ఇవాళ ఎవర్ని నిలబెట్టారు? ఎవరు ఏడ్చారు?' అని అడగండి. పక్క పిల్లల గురించి చెబుతూ తన సంగతి బయటపెడుతుంది.

కొట్టారని తేలితే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో గొడవ పెట్టుకోకండి, పాప పేరు ఊరంతా తిరుగుతుంది. తేదీ, పీరియడ్, పాప చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. వారంలో కదలిక లేకపోతే మండల విద్యాధికారి, ఆ పైన జిల్లా విద్యాధికారి. చెడు ఉద్దేశంతో ఒంటిమీద చెయ్యి వేసిన వ్యవహారమైతే ఈ మెట్లేవీ వద్దు. నేరుగా పోలీసులకు, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి. స్కూలు 'మేం విచారించుకుంటాం' అని ఆపితే, విషయం తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోవడం పిల్లలపై లైంగిక నేరాల పోక్సో చట్టం కింద వాళ్ల నేరమే అవుతుంది. పాపని మాత్రం పదిమంది ముందు పదిసార్లు చెప్పించకండి.

ప్రశ్న: జూన్‌లో బాబుని ఒకటో తరగతిలో చేర్చాలి. ఇంటి దగ్గరున్న స్కూలు ఫ్లెక్సీ మీద 'సీబీఎస్‌ఈ ప్యాటర్న్' అని ఉంది. చేర్చుకోవడానికి బాబుకి పరీక్ష కూడా పెట్టారు. – మధురవాడ

జవాబు: 'ప్యాటర్న్' అంటే గుర్తింపు కాదండి. ఐదో తరగతి వరకే ఉన్న బడికి గుర్తింపు ఇచ్చేది రాష్ట్ర పాఠశాల విద్యాశాఖే. గుర్తింపు పత్రం, ప్రభుత్వం ప్రతి బడికీ ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ అడగండి. నిజంగా సీబీఎస్‌ఈ బడైతే ఫీజులు, టీచర్ల వివరాలు, అగ్నిమాపక, భవన భద్రత సర్టిఫికెట్లు తన వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా పెట్టి తీరాలి. ఇక ఒకటో తరగతికి పరీక్ష పెట్టి ఏరడం చట్టవిరుద్ధం: విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ కింద మొదటిసారి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా.

చూడ్డానికి మామూలు పనిదినాన వెళ్లండి, ఓపెన్ డే నాడు కాదు. ఒకే తరగతి పిల్లలవి మూడు నోట్సులు అడిగి 'నా బడి' వ్యాసం తెరవండి. మూడింటిలోనూ అవే వాక్యాలుంటే అది బోర్డు మీంచి దించుకున్న రాత. లైబ్రరీలో పుస్తకాల అంచులు నలిగాయా, అద్దాల బీరువాకి తాళం ఉందా? క్లాసుకి ఎందరు? చట్టం లెక్క టీచరుకి ముప్పై మంది. టీచర్ల చదువు అడగండి: ప్రాథమిక తరగతులకు డీఈడీ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా), టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) కావాలి, ఒట్టి బీఈడీ చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఏడాది ఆ క్లాసుకి ఎందరు టీచర్లు మారారన్నది అంతకన్నా ముఖ్యం. ఒకటో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు భాషలు, గణితానికే ఉన్నాయి. కంప్యూటర్, జీకే అని తొమ్మిది పుస్తకాలు చేతిలో పెడితే అది బోర్డు కోరింది కాదు.

బస్సు విషయంలో ఒకటే: మీ దగ్గర బాబుని హైవేకి ఏ వైపు దించుతారు, రోడ్డు దాటించేది ఎవరు?

ప్రశ్న: నాలుగో తరగతి పిల్లాడికి తెలుగులో ఒత్తులు రావడం లేదు. స్కూల్లో తెలుగు మాట్లాడితే ఐదు రూపాయలు ఫైను. – గోపాలపట్నం

జవాబు: ఆ ఫైను ముందు ఆపించండి. మాట్లాడడానికి జంకే పిల్లాడు ఇంగ్లీషులోనూ నోరు విప్పడు. చదవడానికి రోజూ పది నిమిషాలు. మొదట ఒకదాన్నొకటి పోలిన అక్షరాలు వరస తప్పించి అడగండి: ప, వ, ష, హ, మ, య, ద, ధ, థ. ఇక్కడ తడబడితే ఒత్తులకి పోవద్దు. తర్వాత అదే అక్షరం కింద అదే ఒత్తు: అమ్మ, అక్క, చెట్టు. చ, ద, ప ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే, ట ఒత్తు అసలు అక్షరంలాగే ఉంటాయి, తేలిగ్గా పట్టేస్తాడు. త, న, మ, య, ర, ల ఒత్తులు అక్షరాన్ని పోలవు, వీటిని రోజుకొక్కటే నేర్పండి.

పుస్తకం తియ్యనంటే బస్సు బోర్డులున్నాయిగా. ఒత్తుల్లేని గాజువాక, ఆరిలోవ, మధురవాడ, తగరపువలసతో మొదలెట్టండి. తర్వాత సీతమ్మధార, మర్రిపాలెం, అక్కయ్యపాలెం, అనకాపల్లి. వేరే అక్షరం ఒత్తున్న పెందుర్తి, మీ గోపాలపట్నం చివరి వారానికి ఉంచండి.